పాతపెట్టెకు క్రొత్త కార్డు

విసుర్రాయి నున్ననైపోయినచో మనము దానిని వీధిలో బాఱవేయము. కక్కుకొట్టువానిని బిలిచి గంట్లు పెట్టించుకొందుము. కుట్టుమిషను సూది మొద్దుబాఱినచో సూదిని మార్చుదుము గాని మిషను నమ్ముకొనము. అట్టి గృహిణులమే, కంప్యూటరు కొంచెము మందగించినదనగానే "దాని కాలము తీఱినది, క్రొత్తది కొనవలెను" అను మాటను మాఱుపలుకక నమ్ముచున్నాము. అందులో నేభాగము చాలకున్నది, ఎంత వ్యయముతో బాగుపడును అని యడుగువారు మనలో నరుదు. ఆ పెట్టెను తెఱచి చూచుట మగపిల్లల పనియని మనకొక నమ్మకము. నేను వ్రాయబోవునది ఆ పెట్టెలోని యొక్క భాగమును గుఱించియే. దానిని గ్రాఫిక్స్ కార్డు అందురు. ఇది పిల్లల ఆటల సంగతి గదా యని పుట త్రిప్పివేయకుడు. ఒక యింట నిది యాటకంటె పెద్దవిషయమైనది.

సిరిసిల్లలో మా తమ్ముని యిల్లున్నది. క్రింద నాలుగు మరమగ్గములు, మీద కాపురము. 2014వ సంవత్సరమున పెద్దకుమారుడు ఇంజనీరింగులో జేరినపుడు వాని కొక కంప్యూటరు కొనియిచ్చిరి. ఇంటెల్ ఐ5 నాలుగవ తరపు ప్రాసెసరు, ఎనిమిది జీబీల ర్యాము. మఱుసటి యేడు వాడు పండుగలకు పెద్దలిచ్చిన పైకము కూడబెట్టి, ఆటలాడుటకై జీటీఎక్స్ 750 టీఐ అను కార్డును దెచ్చి యందు బిగించుకొన్నాడు. చదువు ముగిసినది, వాడు దుబాయి వెళ్లినాడు. పెట్టెమీద పాతచీర ముక్క కప్పి యొక మూల నుంచిరి.

ఆ గుడ్డ దీసినది వాని చెల్లెలు. ఇంటికి కడగొట్టు పిల్ల. డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. ఉచితముగా దొరకు బ్లెండర్ అను సాఫ్టువేరుతో చీర యంచులను, పల్లులను మడతలతో, మెఱుపుతో, నిజముగా నేసి యెదుట పఱచినట్లు గీయుట నేర్చుకొన్నది. కాని బొమ్మ సగమగునప్పటికి యంత్రము నిలిచిపోవును. పాతకార్డునందలి మెమరీ రెండు జీబీలు మాత్రమే, అది చాలదు. పొరుగు పిల్లలకు పాఠములు చెప్పి కూడబెట్టిన 7,000 రూపాయలలో క్రొత్తకార్డు కొనవలెనని దాని కోరిక.

ఇంట నెవ్వరును సమ్మతింపలేదు. ఆ యేడు మగ్గములకు పని తక్కువ. వారములో మూడుదినములు మాత్రమే యాడుచుండెను. నూలు బాకీ యుండెను. "పాతసామానోడు ఎంతిస్తే అంత, అమ్మి పారేద్దాం" అని తమ్ముడు. "అన్న ఆడి ఆడి దాన్ని ఖరాబు చేసిండు, ఇప్పుడు ఇదొకతి తయారైంది" అని మరదలు. పిల్ల నాకు ఫోనుచేసినది. "అత్తమ్మా, ఒక్కసారి వచ్చిపో. నా పైసలే గదా! అన్న కార్డు తెచ్చుకున్ననాడు ఎవ్వలన్న ఇట్ల అడిగిండ్రా?"

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. జగిత్యాల నుండి వేములవాడ మీదుగా సిరిసిల్లకు బస్సెక్కితిని. "బిడ్డా, నాకు దెలియని వస్తువును గుఱించి నేను మీ బాపుతో వాదింపలేను. ముందు నాకు దెలియజెప్పు" అంటిని.

దాని మాటల సారమును నా మాటలలో జెప్పెదను. మన యింటి తెరమీద అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. మొత్తము 20,73,600. కదలెడు బొమ్మ యనగా నీ చుక్కలన్నిటికి క్షణమున కఱువది మారులు క్రొత్తరంగు వేయుట. అనగా నొక్క సెకనులో 12 కోట్ల 44 లక్షల చుక్కలకు పైగా! ప్రాసెసరనునది నలుగురు గడితేఱిన ముత్తయిదువలవంటిది. ఎంత చిక్కుముగ్గైనను వేయగలరు గాని చేతులు నలుగురివే. గ్రాఫిక్స్ కార్డో, చుక్కపెట్టుట తప్ప మఱేమియు దెలియని చిన్నపిల్లల గుంపు. కాని జీటీఎక్స్ 1650 అను కార్డులో నట్టివారు 896 మంది. అందఱును నొక్కమాఱే వంగి చుక్క పెట్టుదురు. సంక్రాంతినాడు ఊరంత వాకిలికి ముగ్గుపెట్టవలసి వచ్చినచో నెవరిని బిలుతుము?

ఎన్‌విడియా యను సంస్థ 1993లో అమెరికాలో ముగ్గురు మిత్రులు స్థాపించినది. వారు 1999లో జీఫోర్స్ 256 అను కార్డును "జీపీయూ" అను క్రొత్తపేరుతో నమ్మిరి. అది యాటలాడువారికే. 2007లో కూడా అను సాధనము వెలువడిన పిమ్మట, ఆ చుక్కలపిల్లలచేతనే శాస్త్రజ్ఞులు లెక్కలు చేయింపసాగిరి. నేడు కృత్రిమమేధ యని లోకము చెప్పుకొనుచున్నదానిలో చాలభాగము అట్టి చిప్పులమీదనే నడచుచున్నది. ఆటవస్తువని త్రోసివేయుటకు వీలు లేదు.

కాని మా తమ్ముని మనస్సు కరగినది దీనివలన గాదు. కార్డు అను మాటవలన. జకార్డు మగ్గమున పూవులు దెప్పించునవి చిల్లులు పొడిచిన అట్టకార్డులని వానికి దెలియును. ఫ్రాన్సులోని లియాన్ నగరవాసి జకార్డు 1804లో ఆ పద్ధతిని బూర్తిచేసెను. తరువాత ఇంగ్లాండున బాబేజి యను గణితజ్ఞుడు తన గణనయంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకై యట్టి చిల్లుల కార్డులనే యెన్నుకొనెను. 1843లో ఏడా లవ్‌లేస్ అను స్త్రీ ఆ యంత్రమునకు వివరణములు వ్రాయుచు, మగ్గము పూవులను నేయునట్లు ఈ యంత్రము గణితమును నేయునని పోల్చినది. ఈనాటి కార్డునకును నా యట్టలకును పేరులో దప్ప పోలిక లేదు. ఐనను కంప్యూటరు పూర్వులలో మగ్గమొకటి యున్నదని విని తమ్ముడు కుర్చీ దగ్గఱకు లాగుకొన్నాడు.

ఆపైన వాడడిగిన మొదటి ప్రశ్న యే దుకాణదారుడును మమ్ము నడుగలేదు. "పాత మగ్గానికి జకార్డు ఎక్కియ్యాలంటే ముందు మోటరు ఓపుతదా, కప్పు ఎత్తు సరిపోతదా చూస్తం. దీనికి చూసిండ్రా?"

చూడవలసినది సరిగా నదియే. పెట్టెలో నొక మూల విద్యుత్తును బంచు సాధనముండును; దానిని పవర్ సప్లై అందురు. దాని ప్రక్కనున్న చీటిమీద 450 వాట్లని పెద్ద యక్షరములు గలవు. ఆ పెద్ద యక్షరములను నమ్మరాదట. కార్డునకును ప్రాసెసరునకును గావలసినది 12 వోల్టుల వరుస. ఆ వరుసలో నెన్ని యాంపులున్నవో చిన్న యక్షరములలో నుండును. మా చీటిమీద 25 యని యుండెను. 12ను 25చే గుణించిన 300 వాట్లు. ప్రాసెసరునకు 84 అనుకొనుడు, కార్డునకు 75. డిస్కులు, పంకాలు కలిపినను మిగులు గలదు. కార్డు కూర్చుండు గాడి తనంతట 75 వాట్లవఱకు నీయగలదు. అంతకంటె నెక్కువ త్రాగు కార్డులకు పవర్ సప్లై నుండి ప్రత్యేకపు తీగ గావలెను. ఆఱు పిన్నుల తీగ మఱి 75, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు ఇచ్చును. మా పెట్టెలో నట్టి తీగయే లేదు. కావున తీగ యక్కఱలేని కార్డే మాకు దగినది. 1650లలోను గొన్నిటికి ఆఱు పిన్నుల తీగ కావలెను; కొనునపుడు కార్డు వెనుకవైపు చూడవలెను. పొడవును తమ్ముడు గజపుటేపుతో గొలిచినాడు.

"ఎట్లాగు కొంటున్నం, ఇంకొంచెం పెద్దదే కొంటే?" అని మరదలు. అంతవఱకు వలదన్నదియే ఈ మాటన్నది! దానికి పిల్ల చెప్పిన జవాబు సిరిసిల్ల స్త్రీలకు దెలియనిది గాదు. మగ్గము వేగమెంత పెంచినను, కండెలు చుట్టునది యొక్కతెయే యైనచో మగ్గము నిలిచి చూచుచుండవలసినదే. కార్డునకు పని యందించునది ఆ పాత ప్రాసెసరే. అది చుట్టినన్ని కండెలే యిది నేయును. ఇరువదివేల కార్డు తెచ్చి యిందులో బెట్టినచో సగమైనను వ్యర్థము.

ఇంకొక చిత్రము. అన్నిటికంటె క్రొత్తదియు చౌకయునైన కార్డు పాతపెట్టెకు మేలనుకొందుము, అట్లు గాదు. 2022లో ఏఎమ్‌డీ సంస్థ తెచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూచుటకు పెద్ద గాడిలో గూర్చుండును గాని, అందలి పదియాఱు దారులలో నాలుగింటినే వాడుకొనును. క్రొత్త బోర్డులమీద దారి వెడల్పు గనుక బాధ లేదు. పాతబోర్డుమీద నది యిఱుకుసందులో బండివలె దడబడును. ఇంటెల్ వారి ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ అను సదుపాయము గావలెను. మా కాలపు బోర్డులలో నది లేదు. ఇక పాతవాటిలో 900, 1000 వరుసల కార్డులకును, మా 750 టీఐకిని ఎన్‌విడియా వారు 2025 అక్టోబరుతో ఆటలకై యిచ్చు డ్రైవర్లను నిలిపివేసిరి. 2028 అక్టోబరు వఱకు భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రమే యిత్తుమనిరి. 2019లో వచ్చిన 1650 ఆ తరువాతి తరమునది. నాలుగు జీబీల మెమరీ. పిల్ల దానినే యెన్నుకొన్నది. నాకును సరియని తోచినది. క్రొత్తది మా పైకమునకు రాదు. వాడినదే వెదుకవలెను.

వాడినవాని సంతలో మోసములు మామిడిపండ్ల సంతలోకంటె తక్కువ గావు. కొన్ని యేండ్లు ఈథీరియం అను నాణెమును గడించుటకై జనులు వందలకొలది కార్డులను రాత్రింబవళ్లు మండించిరి. 2022 సెప్టెంబరు 15న ఆ పద్ధతి మాఱిపోయినది. ఆ కార్డులన్నియు సంతకు వచ్చిపడినవి. వానిలో మంచివియు నున్నవి. పంకా తడబడునవియు, మెమరీ వేడికి నలిగినవియు నున్నవి. అంతకంటె చెడ్డవి దొంగకార్డులు: ఏ పదునైదేండ్లనాటి కార్డులోనో పేరు చెప్పు ప్రోగ్రామును మార్చి, క్రొత్తపేరు చెప్పించుదురు. కంప్యూటరును "నీలోనున్నదేమి?" అని యడిగిన నదికూడ ఆ దొంగపేరే చెప్పును.

కోరుట్లలో నాకు బంధువుల యింట శుభకార్యముండగా పిల్లను వెంటబెట్టుకొని పోయితిని. అక్కడ నొక దుకాణమున "1050 టీఐ, నాలుగు జీబీలు, మూడువేల అయిదువందలు" అని చూపిరి. 1650 కాదుగాని ధర చూచి నాకు ఆశ పుట్టినది. పిల్ల కార్డును చేతికి దీసికొని త్రిప్పిచూచి నామోకాలిని మెల్లగా దట్టినది. కార్డు చివర నీలిరంగు తొడుగుతో, మూడు వరుసల రంధ్రములతో పాతకాలపు వీజీఏ సాకెట్టు గలదు.

"అన్నా, వెయ్యి వరుస కార్డులకు ఈ సాకెట్టే రాదు గదా?" అని యడిగినది.

"ఇది స్పెషల్ మోడల్ అమ్మా."

"అయితే ఒక్కసారి పెట్టి జీపీయూ-జెడ్ నడిపి చూపియ్యుండ్రి."

అతడు నావైపు దిరిగి, "అమ్మా, పిల్లలకేం తెలుస్తది, మీరు చెప్పుండ్రి" అన్నాడు. "తెలిసింది దానికేనయ్యా, నాకు దెల్వదు" అంటిని. కరెంటు లేదు, రేపు రమ్మన్నాడు. తలమీద పంకా తిరుగుచునే యుండెను. మేము లేచి వచ్చితిమి. 2016లో వచ్చిన ఆ 1000 వరుస మొదలుకొని ఎన్‌విడియా చిప్పులు పాతపద్ధతి సంకేతమును వెలువరింపవు. జీపీయూ-జెడ్ అను చిన్న సాఫ్టువేరు చిప్పునే నేరుగా పరీక్షించి, దొంగదైనచో పేరునకు ముందు దొంగయని వ్రాసిచూపును.

తుదకు కార్డు జగిత్యాలలోనే దొరకినది. ఒక ఇంజనీరింగు విద్యార్థి పెద్దకార్డు కొనుక్కొని 1650ని అమ్మజూపెను. కొన్ననాటి రసీదు, డబ్బా రెండును నుంచుకొన్నాడు. అఱగంటసేపు భారమైన ఆట నడిపి, వేడి 68 డిగ్రీలు దాటకుండుట చూపినాడు. వాని తల్లి మాకు చాయ యిచ్చి, "ఈ పోరి దీనితోటి ఏం చేస్తది?" అని నన్నడిగినది. నేను చెప్పుటకు మునుపే పిల్ల తన ఫోనులోని చీర బొమ్మను జూపినది. ఆ తల్లి దానిని నిజమైన చీర యనుకొని ధర యడిగినది! 5,800 రూపాయలకు బేరము కుదిరినది.

సిరిసిల్లలో పెట్టె తెఱచినరోజున నాకు దెలిసినదేమనగా, యంత్రము మందగించుటలో సగము దోషము కార్డుది గానేకాదు. పదేండ్ల నూలుధూళి! క్రింద మగ్గములాడుచుండ, ఆ పీచంతయు మెట్లెక్కి వచ్చి ప్రాసెసరు పంకా క్రింద పరుపువలె బేరుకొన్నది. గాలి తగులక వేడెక్కినచో ప్రాసెసరు తన్ను గాపాడుకొనుటకై తానే వేగము తగ్గించుకొనును. మీ యింట పాత కంప్యూటరు నీరసించినచో, ఒక్క రూపాయియైనను వెచ్చింపకముందు దానిని శుభ్రపఱుపుడు. మా తమ్ముడు మగ్గము దులుపు కుంచెను దెచ్చి దులిపినాడు. పంకా రెక్కలు గిఱ్ఱున దిరుగకుండ వేలితో బట్టుకొని దులుపవలెనని పిల్ల హెచ్చరించుచుండ, ముప్పదియేండ్లుగా మగ్గములు దులుపుచున్న మనిషి మాఱుమాటాడక విన్నాడు.

తక్కిన పని పదినిమిషములు. తీగ పెఱికి, వెలిగించు మీటను క్షణకాలము నొక్కి మిగిలిన విద్యుత్తును బోగొట్టినది. చేతితో పెట్టె యినుమును ముట్టుకొన్నది. ఒంటిలో నిలిచిన విద్యుత్తు కార్డునకు దగులకుండుటకట. మరచుట్టు విప్పి, గాడి చివరనున్న చిన్న నాలుకను వెనుకకు నొక్కి పాతకార్డును దీసినది. క్రొత్తదానిని అంచులు బట్టుకొని, బంగారురంగు పండ్లకు వ్రేలు దగులనీయక గాడిలో నొక్కగా టక్కుమన్నది. తెర తీగను కార్డునకే తగిలించవలెను. బోర్డు వెనుకనుండు సాకెట్టునకు దగిలించినచో కార్డు పెట్టియు లేనట్లే యగును. తరువాత డ్రైవరు.

ఇచ్చట నొక కష్టము దాచరాదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ సంరక్షణము ముగిసినది. విండోస్ 11 నాలుగవ తరపు ప్రాసెసరును అంగీకరింపదు. "మరి పైసలు నీళ్లల్ల పోసినట్టే గదా?" అని తమ్ముడు ముఖము చిన్నబుచ్చుకొన్నాడు. పిల్ల ఉచితమైన లినక్సును ఎక్కించినది. బ్లెండర్ అందు చక్కగా నడచును. ఆటలలో గొన్ని రావు. రేపు పెట్టె మార్చినను ఈ కార్డు క్రొత్తపెట్టెలో గూర్చుండును. ఈ రెండును లేనిచో, నేనుకూడ వలదనియే చెప్పియుందును.

మునుపు సగములో నిలిచిపోయెడు పల్లు బొమ్మ ఆరాత్రి పదునాలుగు నిమిషములలో ముగిసినది. క్రింద మగ్గముల చప్పుడు. మీద ముగ్గురము తెరముందు. అంచున నెమళ్లు, నడుమ జరీమెఱుపు. తమ్ముడు చాలసేపు చూచి, "ఈ అంచు డాబీతోటి రాదు బిడ్డా, గిన్ని వంపులకు జకార్డే కావాలె. గీ నెమలి మెడ జర సన్నం చెయ్యి" అన్నాడు. పిల్ల అప్పుడే సన్నము చేసినది. మఱి రెండు తప్పులు చెప్పినాడు, అవియు దిద్దినది. బొమ్మ మరల తయారగువఱకు వాడు భోజనమునకు లేవలేదు.

పని ముగిసిన పిదప నది కారుపందెముల ఆట యాడినది. మరదలు నావైపు చూచినది; నేనేమియు ననలేదు. అష్టాచెమ్మ, వామనగుంటలు ఆడి పెరిగినవారము, ఆడపిల్ల ఆడరాదని యెట్లనగలము?

మిగిలినది ఆ పాతకార్డు. వేములవాడలో నొక పిల్లవాడు పన్నెండువందలిత్తునని కబురంపినాడు. నూలుబాకీ యున్న యిల్లు, ఇచ్చివేయుదురనుకొంటిని. మరదలు దానిని అడుగనిచ్చినది కాదు. ధూళి తుడిచి, మెత్తని గుడ్డలో జుట్టి, పట్టుచీరల నడుమ బీరువాలో బెట్టినది. పెద్దవాడు దుబాయి నుండి వచ్చినప్పుడు వాని చేతికియ్యవలెనట.